కాలవ నీళ్ళు తేరే దాకా

గురువుగారంటూ ఎవరూ లేరు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

వన్ టౌన్ బట్టల బజారులో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మధ్య కనబడితే చాలు ఆపి అడుగుతున్నారు, "మీకు ఆ ధ్యానం నేర్పిన పెద్దాయన అడ్రసు ఇస్తారా?" అని. ఆయన ఎవరినీ కలవరని ఒకరికి చెప్పాను. ఉత్తరాదికి వెళ్ళిపోయారని ఇంకొకరికి చెప్పాను. మూడో ఆయన మరీ గుచ్చి గుచ్చి అడిగితే గడ్డం కూడా వర్ణించాను. లేని మనిషికి గడ్డం పెట్టడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ఉన్న మనిషిని చూపించడానికే నాకు నోరు రాలేదు.

నాకు భయాన్ని దాటడం నేర్పింది మా ఆవిడ. మా వంటింట్లో, కత్తిపీట ముందు కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నేర్పింది. నిండు సభలో ఆ మాట చెప్పకుండా మింగేశాను. ఆ సభలో విన్నవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి సరిదిద్దలేను కాబట్టి ఇలా రాస్తున్నాను.

మాది హోల్‌సేల్ బట్టల కొట్టు. మా పనిలో కుడిచేతిదే పెత్తనం. బట్ట తాను విప్పి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగితే గుడ్డ పోగు వెంట తిన్నగా చిరగాలి. ఆ చప్పుడు వింటేనే కొనేవాడికి గుడ్డ మీద నమ్మకం. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో నా కుడిచేతి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. ఒకరోజు బేరం మధ్యలో కత్తెర జారి కింద పడింది.

"ఓనరుగారూ, కత్తెరకి మీరంటే విసుగొచ్చినట్టుంది," అన్నాడు మా గుమాస్తా. అతను వయసులో నాకన్నా పెద్ద, నోటి దురుసులో ఇంకా పెద్ద. అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాత టీ గ్లాసు జారింది. ఆ తర్వాత పొద్దున్నే చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టాల్సి వచ్చింది. అప్పుడు నవ్వు రాలేదు.

డాక్టరుగారు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "లోపం చేతిలో లేదండీ, మెడలో ఉంది. నరం నొక్కుకుపోతోంది. ఎక్కడ, ఎంత అన్నది ఎమ్మారై తీస్తేగానీ కత్తి పట్టను. ఆలస్యం చేస్తే మాత్రం ఈ చెయ్యి తిరిగి రాదు," అన్నారు.

చెయ్యి తిరిగి రాదన్న మాటకి కాదు నాకు చెమట పట్టింది. ఎమ్మారై అన్న మాటకి. చిన్నప్పటినుంచీ ఇరుకు చోట్లంటే నాకు ప్రాణం పోతుంది. లిఫ్టు ఎక్కను. గోడౌనులో వెనక అరలోకి గుమాస్తానే పంపుతాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి, ఒంటికి మంచిదని మెట్లెక్కుతున్నానని నలుగురూ మెచ్చుకునేవాళ్ళు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ముఖం మీద పంజరం లాంటిది బిగించి, చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, "ఇబ్బందైతే నొక్కండి," అన్నారు. బల్ల లోపలికి జరిగింది. ముక్కుకి బెత్తెడు ఎత్తులో పైకప్పు. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. "అయ్యా, ఇంకా మొదలే పెట్టలేదండీ," అన్నాడు ఆ కుర్రాడు జాలిగా.

రెండోసారి ఇంకో సెంటరుకి వెళ్ళాం. అక్కడ పంజరం బిగిస్తుండగానే లేచి, వాళ్ళిచ్చిన గౌనుతోనే రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కేశాను. ఆ గౌనుకి వెనక ముళ్ళు ఊడిపోయి ఉన్నాయి. మా ఆవిడ నా బట్టలు చంకన పెట్టుకుని వెంట పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, ప్యాంటూ! ప్యాంటు!" అని బందరు రోడ్డంతా వినబడేలా కేకలు. ఆటో అతను అద్దంలో చూసి, "పర్లేదు సార్, అమ్మగార్ని రానివ్వండి," అన్నాడు.

మత్తు ఇచ్చి తీయమని డాక్టరుగారిని బతిమాలాను. నా ఉబ్బసం సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆయన ఒప్పుకోలేదు. "మనసు కుదుటపరచుకోవడానికి దారులున్నాయి. ఫోనులో వీడియోలు దొరుకుతాయి, చూడండి," అని పంపేశారు.

చూశాను. అందులో ఓ తియ్యటి గొంతు కళ్ళు మూసుకోమంటుంది, ప్రకృతి ఒడిలోకి వెళ్ళమంటుంది. మంచు కొండలు ఊహించుకోమంది. నేను మంచు ఎప్పుడు చూశాను గనక? తెల్లగా అనగానే చలవ గుడ్డ బేళ్ళు గుర్తొచ్చాయి. అవి గోడౌనులో కప్పు దాకా పేర్చి ఉన్నాయి, నా మీద పడబోతున్నాయి. దిగ్గున లేచాను. జలపాతం ఊహించుకోమంటే బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. దేవదారు వనం అంది. దేవదారు చెట్టు ఎలా ఉంటుందో తెలియక సరుగుడు తోటతో సరిపెట్టుకున్నాను. సరుగుడు అనగానే ఆ కర్రలు ఏ షెడ్డుకి పనికొస్తాయా అన్న ఆలోచనలో పడ్డాను. సముద్రం సంగతి చెప్పనక్కర్లేదు, మొదటి అలకే మునిగిపోయాను.

మా ఆవిడ వంటింట్లోంచి ఇదంతా గమనిస్తూనే ఉంది.

"ఇవాళ ఎక్కడి దాకా వెళ్ళొచ్చారు?"

"హిమాలయాలకి."

"స్వెట్టరన్నా లేకుండానా?"

నాకు ఒళ్ళు మండింది. "చెయ్యి పడిపోతోంది మొర్రో అంటే నీకు వేళాకోళంగా ఉందా?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపింది, ఈనెలు తీయడం మాత్రం ఆపలేదు. "చూడని చోటికి వెళ్తే కాలు ఎక్కడ పెట్టాలో తెలీదండీ. చూసిన చోటికి వెళ్ళండి."

"నేను చూసిందేముంది? కొట్టు, గోడౌను, రైలు గేటు."

"మా ఊరి కాలవ చూడలేదా? పెళ్ళైన కొత్తలో ఈతొచ్చని దూకి, మా తమ్ముడి చేత జుట్టు పట్టించుకుని బయటికొచ్చారుగా."

మా అత్తవారిది పెడన. నేతపని చేసే ఇల్లు. నూలుకి రంగు అద్దేవాళ్ళు కూడా. అద్దకానికి తేట నీళ్ళు కావాలి. ఎండాకాలమంతా కట్టేసి ఉన్న కాలవకి తొలకరిలో నీళ్ళు వదిలితే మొదట వచ్చేవి ఎర్రటి మట్టి నీళ్ళు. ఆ నీళ్ళు మోసుకొచ్చి పెద్ద గాబులో పోసేవాళ్ళు. మా అత్తగారు మట్టిని అడుక్కి దించే చిల్లగింజని రాతి మీద అరగదీసి, ఆ గంధం నీళ్ళలో కలిపి, ఒక్కసారి తిప్పి వదిలేసేవారట. అంతే, ఇక ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరో ఒకరు చెంబు ముంచితే మట్టి మళ్ళీ లేస్తుంది. అందుకని చిన్నపిల్లైన మా ఆవిడని గాబు పక్కన కాపలా కూర్చోబెట్టేవారు.

"కూర్చుని ఏం చేసేదానివి?" అని అడిగాను.

"ఏమీ చెయ్యకుండా ఉండేదాన్ని. అదే పని." ఒక చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. "మట్టిని చూడకూడదండీ. మట్టిని చూస్తే ఇంకా దిగలేదే అని చెయ్యి పెట్టబుద్ధేస్తుంది. పైన చూడాలి. చూరు నీడ పడుతుంది నీళ్ళమీద, ముందు అల్లల్లాడుతుంది. ఆ నీడ చూస్తూ కూర్చుంటే అదే నిలబడుతుంది. కాళ్ళ కింద తడి ఇసక చల్లగా ఉంటుంది. గాబుకి వీపు ఆనిస్తే అదీ చల్లగా ఉంటుంది. కాసేపటికి, నీళ్ళు తేరాయా నేను తేరానా అన్నది తెలిసేది కాదు."

ఆ రోజునుంచి నేనూ ఆ గాబు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. కొట్టులో మధ్యాహ్నం బేరాలు లేని వేళ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాణ్ణి. పెడన ఇల్లు నాకు బాగా తెలుసు కాబట్టి దారి వెతుక్కోవాల్సిన పని లేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. గాబు కనబడేది, ఎర్రటి నీళ్ళు కనబడేవి. కానీ నీళ్ళు తేరేవి కావు. రానురానూ ఇంకా చిక్కబడేవి. గుండె ఇంకా కొట్టుకునేది.

ఒక ఆదివారం ఇంట్లో అలాగే కూర్చున్నాను. నాకు తెలియకుండానే పెదాలు కదులుతున్నాయట. మా ఆవిడ పక్కకొచ్చి చెవి పెట్టి వింది.

"ఎవరినండీ అలా గదమాయిస్తున్నారు?"

"ఎవర్నీ లేదే!"

"తేరుకో, తేరుకో అంటున్నారు. నీళ్ళని తిడుతున్నారా?"

నేను తెల్లమొహం వేశాను. ఆవిడ మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు. "తేరుకో అంటే తేరదండీ. ఎవరూ తేరరు. తేరనివ్వండి," అని, ఎసరు మరుగుతోందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

చిన్న మాట తేడా. అయినా యాభై దాటిన నాకు అంతవరకూ తెలియలేదు. తేరుకో అనే మాట నా నోట్లో ఎప్పుడూ ఆజ్ఞగానే ఉండేది. బేరం పోయి దిగాలు పడ్డ గుమాస్తాకి అదే చెప్పాను, పరీక్ష తప్పిన కొడుక్కీ అదే చెప్పాను. ఆ మాట పుట్టిందే నీళ్ళలో అని, నీళ్ళు ఎవరి ఆజ్ఞకీ తేరవని నాకు తట్టలేదు. గాబులో నేను చేస్తున్నది కూడా అదే. తేరావా లేదా అని మనసులో చెయ్యి పెట్టి కలిపి చూస్తున్నాను.

మర్నాటినుంచి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూరు నీడ చూస్తూ కూర్చున్నాను. ఏమీ చెయ్యకపోవడం వ్యాపారస్తుడికి ఎంత కష్టమో! అయినా చేశాను. ఒకనాడు చూరు నీడ నిలబడింది. తాటాకు కొసలు విడివిడిగా కనిపించాయి. కళ్ళు తెరిచేసరికి గుమాస్తా నా ముందు నిలబడి ఉన్నాడు. "నిద్రపోయారనుకుని రెండు బేరాలు నేనే తెగ్గొట్టానండీ," అన్నాడు. నేనుంటే ఇంకో రూపాయి ఎక్కువ పలికేది. అయినా ఏమీ అనలేదు. అతను భయపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

మూడోసారి స్కానుకి వెళ్ళాం. మా ఆవిడ నా ప్యాంటుని ముందుజాగ్రత్తగా ఒక సంచిలో పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. పంజరం బిగించారు. బల్ల జరిగింది. నేను అప్పటికే పెరట్లో ఉన్నాను. కాళ్ళ కింద తడి ఇసక ఉంది, వీపుకి గాబు చల్లగా తగులుతోంది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. ఉండనీ అనుకున్నాను. అంతలో మిషను మొదలైంది. ఠక ఠక ఠక మని చెవులదిరేలా మోత. రబ్బరు బుడ్డి నొక్కబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, మా అత్తవారి గాబు ఉన్నది మగ్గాల గది గోడకి ఆనుకునే. లోపల మా మామగారు, బావమరిది మగ్గం ఆడిస్తుంటే పెరట్లోకి వినిపించే మోత అచ్చం ఇదే! సరే, ఆడించండి మామగారూ అనుకున్నాను. ఆయన ఆడించారు. చీరలు చీరలు నేసేశారు. నేను చూరు నీడ చూస్తూ కూర్చున్నాను.

"అయిపోయిందండీ, లేవండి," అన్నారెవరో. లేవబుద్ధి కాలేదు.

బయటికి వచ్చి మా ఆవిడని చూసి బొటనవేలు ఎత్తాను. ఆ వేలు పూర్తిగా లేవలేదు గానీ ఆవిడకి అర్థమైంది. సంచిలోంచి ప్యాంటు తీసి, పూలమాల వేసినట్టు నా భుజాన వేసింది. అక్కడున్న రోగులంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఆ సాయంత్రం మా అపార్టుమెంటు లిఫ్టులో, నా జన్మలో మొదటిసారి, ఐదో అంతస్తు దాకా ఎక్కాను. మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను. వాచ్‌మన్ కిందనుంచి, "సార్, లిఫ్టు రిపేరా?" అని అరిచాడు.

ఆపరేషను బాగా జరిగింది. చెయ్యి మెల్లమెల్లగా తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టులో మొదటి తాను చింపిన రోజు బేరానికొచ్చినవాళ్ళు, పక్క కొట్లవాళ్ళు, తోపుడుబండ్ల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. గాటు పెట్టాను. లాగాను. బర్రున ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా చిరిగింది. మా గుమాస్తా ఈల వేశాడు. ఆ వయసులో అతనికి ఈల వేయడం వచ్చని అప్పుడే తెలిసింది.

ఈ కథ బజారంతా పాకింది. వ్యాపారస్తుల సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి నన్ను మాట్లాడమన్నారు. హాలు నిండిపోయింది. పంజరం గురించి చెప్పాను, గౌను గురించి చెప్పాను, పగలబడి నవ్వారు. గాబు గురించి, నీళ్ళ గురించి, తేరనివ్వడం గురించి చెప్తే ముందుకు వంగి మరీ విన్నారు. అప్పుడు ముందు వరసలోంచి ఒకాయన, "ఇంత గొప్ప విద్య ఎవరు చెప్పారండీ మీకు?" అని అడిగారు. మా ఆవిడ ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. జరీ చీర కట్టుకుంది. నేను నోరు తెరిచాను.

"ఒక గురువుగారు," అన్నాను.

చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు.

ఇంటికి వస్తుంటే ఆటోలో ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ గురువుగారిది ఏ ఊరండీ?"

నేను ఆటో అతనికి దారి చెప్పడంలో పడ్డాను. మర్నాటినుంచి ఆవిడ, "గురువుగారి శిష్యులకి కాఫీ," "గురువుగారి శిష్యులు స్నానానికి లేస్తారా?" అని మొదలుపెట్టింది. గడ్డం సంగతి కూడా గుమాస్తా ద్వారా ఆవిడ చెవిన పడింది. కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు.

పెళ్ళాం చెప్పిందంటే మగాళ్ళు నవ్వుతారని అలా అన్నానని మొదట్లో నన్ను నేనే నమ్మించుకున్నాను. అది నిజం కాదు. అసలు కారణం ఇది.

పదిహేనేళ్ళ కిందట మా అత్తగారు పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక మా ఆవిడ ఇంటికి తిరిగొచ్చింది. అప్పుడు ఎగువన వానలు పడి కుళాయిల్లో ఎర్రటి నీళ్ళు వస్తున్నాయి. ఆవిడ స్టీలు బిందె నింపి వంటింటి గుమ్మం పక్కన పెట్టుకుని, మధ్యాహ్నాలు దాని ముందు కూర్చునేది. ఏడ్చేది కాదు, మాట్లాడేది కాదు. ఒకరోజు నేను భోజనానికి వచ్చేసరికి కంచం పెట్టలేదు. ఎప్పటిలాగే కూర్చుని ఉంది. "ఎన్నాళ్ళిలా? పోయినవాళ్ళు తిరిగొస్తారా? ఇక తేరుకో!" అని అరిచి, ఆ బిందె ఎత్తి తీసుకెళ్ళి తూములో వంపేశాను. అప్పటికి ఆ నీళ్ళు చాలావరకు తేరి ఉన్నాయి. నేను వంచగానే మళ్ళీ ఎర్రబడి పోయాయి. ఆవిడ లేచి, చెంగుతో చేతులు తుడుచుకుని, కంచం పెట్టింది.

నా మాట పనిచేసిందనుకున్నాను. ఆడవాళ్ళకి ఒక్కసారి గట్టిగా చెబితే చాలని స్నేహితులతో గొప్పలు కూడా పోయాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ గాబు సంగతి చెప్పిన రోజే నాకు అర్థమైంది, ఆ రోజు నేను పారబోసింది ఏమిటో. మా ఆవిడే నాకు నేర్పిందని సభలో చెబితే, ఆ గాబుకీ ఆ బిందెకీ ఉన్న సంబంధం నాకు తట్టిందని ఆవిడకి తెలిసిపోతుంది. తెలిస్తే ఏదో ఒకటి అనాలి. ఆ అనాల్సిన మాటకి భయపడి, లేని గురువుని పుట్టించాను. ఎమ్మారై సొరంగం దాటినవాణ్ణి దీన్ని దాటలేకపోయాను.

ఆ మధ్య మైలవరంనుంచి మా పాత ఖాతాదారు కొట్టుకి వచ్చాడు. అక్కడ చిన్న బట్టల దుకాణం అతనిది. వెంట భార్యని తీసుకొచ్చాడు. కిందటేడు మోటారు సైకిలు జారి ఇద్దరూ పడ్డారట. దెబ్బలు మానాయి గానీ, అప్పట్నుంచి ఆవిడ బండెక్కదు, రోడ్డు చూస్తేనే వణుకుతుంది. "బస్సులో దారిపొడుగునా నా చెయ్యి రక్కేసిందండీ," అని మణికట్టు చూపించాడు. "మీ గురువుగారి దగ్గరికి ఎలాగైనా తీసుకెళ్ళాలి."

ఆవిడ తల దించుకుని చీర అంచు నలుపుతోంది. మా గుమాస్తా నా వంక చూశాడు. ఆ చూపులో గడ్డం కనిపించింది నాకు.

"పదండి," అన్నాను. "ఇల్లు దగ్గరే, నడిచి పోదాం."

మా ఆవిడ శనగపిండి చేతులతో తలుపు తీసింది. "వీళ్ళు మైలవరంనుంచి గురువుగారి కోసం వచ్చారు," అన్నాను. తర్వాత అతని వైపు తిరిగి, "ఈవిడేనండీ. ఇంకెవరూ లేరు. సభలో నేను చెప్పింది అబద్ధం," అన్నాను.

అతను నోరు తెరిచాడు. మా ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, అతనికి నమస్కారం పెట్టింది. "గడ్డం తీయించానండీ, అందుకే పోల్చుకోలేకపోయారు," అంది. చీర అంచు నలుపుతున్న ఆవిడ ఫక్కున నవ్వింది. వచ్చాక ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి చప్పుడు అదే.

ఆడవాళ్ళిద్దరూ చాపమీద కూర్చున్నారు. "మీకు బాగా తెలిసిన నీళ్ళు ఎక్కడున్నాయమ్మా?" అని మా ఆవిడ అడిగింది. వచ్చినావిడ పుట్టింటి మామిడితోటలో మోటారు తొట్టి గురించి చెప్పింది. తొట్టిలో రాలిన పూత తేలుతూ ఉండేదని చెప్పింది. చెప్తూ చెప్తూ భుజాలు దించింది. చీర అంచు వదిలేసింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చుందని అతను తర్వాత ఫోనులో అరిచి చెప్పాడు, ఊరంతా వినబడేలా. ఇప్పుడు వారానికి ఒకరిద్దరైనా మా ఆవిడని వెతుక్కుంటూ వస్తున్నారు. నేను టీలు పెడుతున్నాను.

కానీ ఆ మధ్యాహ్నం, చాప పక్కన కుర్చీలో కూర్చుని ఉన్న అతను అలవాటుగా, "నేనూ అదే మొత్తుకున్నానండీ ఏడాదినుంచీ. ఇక తేరుకో, తేరుకో అని. వింటేగా!" అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూడలేదు. వేలికి అంటిన శనగపిండిని మెల్లగా రాల్చుకుంటోంది. నేను లేచి వెళ్ళి, ఆ బయటి మనుషులిద్దరి ముందే, చాప మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. నా గొంతు వణికింది, దాన్ని వణకనిచ్చాను.

"మీ అమ్మ పోయినప్పుడు నువ్వు పెట్టుకున్న బిందె నేను పారబోశాను. అదేమిటో అప్పుడు తెలీదు. తెలిశాక కూడా చెప్పలేదు. నిన్ను తేరుకోమని అరిచాను, తేరనివ్వలేదు. తప్పు నాది. నన్ను క్షమించు."